బైత్ రుమ్మాన్ ఏకాంబరం

పాకాల దగ్గర బండకిందపల్లెలో ఏకాంబరాన్ని ఎవరూ ఊరికే ఒక మాట అడిగేవారు కాదు. అడిగితే జవాబు పాలస్తీనా నుంచి మొదలయ్యేది.

ఈ ఏడు వేరుశెనగ చేలో చెనక్కాయలు సరిగ్గా ఊరలేదని ఎవరైనా అన్నారనుకోండి. ఏకాంబరం భుజం మీది నలుపు తెలుపు గళ్ళ తువ్వాలు సర్దుకుని, "మా బైత్ రుమ్మాన్‌లో అయితేనా..." అని ఎత్తుకునేవాడు. కయ్యగట్టు తెగిందన్నా అదే వరస. కోడలు అలిగి పుట్టింటికి పోయిందన్నా అదే వరస. ఎవరైనా చచ్చిపోతే మాత్రం ఆ పూటకు నోరు కట్టుకుని, బైత్ రుమ్మాన్‌లో శవాన్ని ఎట్లా సాగనంపుతారో మర్నాడు చెప్పేవాడు.

"బైత్ అంటే ఇల్లు. రుమ్మాన్ అంటే దానిమ్మకాయ. దానిమ్మిల్లు అనుకోండి" అని ఎన్నిసార్లు విడమరిచి చెప్పినా ఆ పేరు ఊరివాళ్ళ నోటికి పట్టలేదు. బైతురుమాను అయింది, బైటిరుమాను అయింది, చివరికి 'బయటి రుమాలు' దగ్గర స్థిరపడింది. భుజం మీద తువ్వాలు ఎటూ ఉంది కాబట్టి, దాని వల్లే ఆయనకు బయటి రుమాలు ఏకాంబరం అని పేరు వచ్చిందని కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు అనుకునేవాళ్ళు.

అట్లాగని ఏకాంబరం పుట్టింది పాలస్తీనాలో కాదు. బండకిందపల్లెలోనే, ఊరికి పేరు తెచ్చిన ఆ పెద్దబండ నీడ పడే వీధిలోనే పుట్టాడు. ఎనభైల మొదట్లో, వానలు ముఖం చాటేసిన ఏడు, అందరితోపాటు కువైట్ పోయాడు. అక్కడ ఒక రొట్టెల బట్టీలో పని దొరికింది. బట్టీ నడిపే అబూ ఖాలిద్ పాలస్తీనా మనిషి. చేతులు పిండిలో ఉంటే నోరు ఊరుకోని రకం.

అబూ ఖాలిద్ సొంతూరే బైత్ రుమ్మాన్. వయసులో ఉండగా పనికోసం కువైట్ వచ్చాడు. అరవై ఏడులో అక్కడ యుద్ధం జరిగి, ఆ కొండలన్నీ ఇజ్రాయెల్ సైన్యం చేతికి పోయాక, బయట ఉన్నవాళ్ళకు తిరిగిపోయే దారి మూసుకుపోయింది. ఊరు చెక్కు చెదరకుండా ఉంది. ఊళ్ళో చిన్నాయనలు ఉన్నారు, మేనత్తలు ఉన్నారు. పోవడానికే లేదు. కాళ్ళకు అందని ఊరు వచ్చి నోట్లో కూర్చుంది. ఏకాంబరం తొమ్మిదేళ్ళపాటు పిండి పిసికింది ఆ ఊరిలోనే అనుకోవాలి.

కొండవాలు మీద మెట్లు మెట్లుగా కయ్యలు. ఒక్కో కయ్యకు రాతికట్ట. ఆ కట్టలు ఎవరు కట్టారంటే తాత అంటారు, ఆ తాతను అడిగితే ఆయనా తాత అనే అన్నాడట. కయ్యల నిండా ఆలివ్ చెట్లు. ఎండలు తగ్గి తొలి వాన పడ్డాక ఊరు ఊరంతా ఇళ్ళకు గొళ్ళేలు పెట్టి చెట్ల కిందికి చేరుతుంది. దుప్పట్లు పరుస్తారు, కొమ్మలు దులుపుతారు, పాటలు పాడతారు, గట్లు జరిపారని పోట్లాడుకుంటారు. ఊరి నడుమ ఒక బండ కింద నుంచి ఊట వచ్చి రాతితొట్టిలో పడుతుంది. తొట్టి చుట్టూ దానిమ్మ చెట్లు. ఊరి పెద్దను ముఖ్తార్ అంటారు. ఊరందరికీ కలిపి ఒక వసారా ఉంది, అక్కడ వచ్చిన పరాయి మనిషికి కాఫీ పోసేదాకా ఎవరు నువ్వని అడగరు. పిడకల నిప్పు మీద మట్టిపొయ్యిలో రొట్టె కాలుస్తారు.

పిడకల మాట వినగానే ఏకాంబరానికి ఆ ఊరు సగం సొంతమైపోయింది. "మాకూ పిడకలే" అన్నాడు. ఆ రోజు నుంచి బట్టీలో రెండు ఊళ్ళ మాటలు సాగాయి. ఆయన దానిమ్మలు చెబితే ఈయన సీతాఫలాలు చెప్పాడు. ఆయన ఊట చెబితే ఈయన బండ చెప్పాడు.

తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. బట్టీ మూతపడింది. ఏకాంబరం, అబూ ఖాలిద్ కుటుంబం ఒకే బస్సులో ఎడారి దాటి, దుమ్ము తిని, నీళ్ళ కోసం బస్సు డ్రైవర్‌తో పోట్లాడి, జోర్డాన్ దేశం చేరారు. ఇండియా విమానం కోసం ఎదురుచూసే రోజుల్లో ఒక ఉదయం అబూ ఖాలిద్ ఆయన్ను ఒక కొండ మీదికి పిలుచుకుపోయాడు. కింద పెద్ద లోయ. లోయకు అవతల కొండలు, కొండల వెనక కొండలు.

"అదో, ఆ మూడో కొండ వెనకాల. కనిపిస్తుందా?" అన్నాడు అబూ ఖాలిద్.

ఏకాంబరానికి మంచు తప్ప ఏమీ కనబడలేదు. కానీ ముసలాయన అతని భుజం పట్టుకున్న పట్టు చూసి, "కనిపిస్తా ఉండాది" అన్నాడు. తెలుగులోనే అన్నాడు. అబూ ఖాలిద్‌కు అర్థమైంది. కళ్ళు తుడుచుకుని, తన భుజం మీది గళ్ళ తువ్వాలు తీసి ఏకాంబరం భుజాన వేశాడు.

మొత్తం కథలో అబద్ధం అంటూ ఉంటే అది అక్కడే పుట్టింది. ఊరికి వచ్చాక అందరూ, "ఆ బయటి రుమాలుని నువ్వు కండ్లారా చూసినావా?" అని అడిగారు. "చూసినా" అన్నాడు ఏకాంబరం. ఒకసారి చూసినా అన్నాక మనిషి ఊరుకోలేడు. రెండో ఏటికి ఆ ఊట నీళ్ళు తాగాడు. మూడో ఏటికి ఆ చెట్లు దులిపాడు. నాలుగో ఏటికి ముఖ్తార్ చేత కాఫీ పోయించుకున్నాడు.

భార్య జ్ఞానాంబకు సంగతి తెలుసు. వచ్చిన కొత్తలోనే నిజం చెప్పేశాడు. అయినా పదిమందిలో మొగుణ్ణి తీసెయ్యడం ఇష్టంలేక ఊరుకుంది. ఇంట్లో మాత్రం ఊరుకునేది కాదు. ఏకాంబరం 'మా ఊళ్ళో' అన్నప్పుడల్లా, "ఏ ఊరయ్యా? కొంచెం చెప్పి మొదులుపెట్టు. నేను ఈడ సంగటి గెలకాల్నా, ఆడ రొట్టె కాల్చాల్నా?" అనేది.

రొట్టె కాల్చే పని మాత్రం ఏకాంబరమే పెట్టుకున్నాడు. పాకాల రైల్వే గేటు దగ్గర చిన్న కొట్టు వేసి, నేలలో పెద్ద మట్టికాగు పాతి పొయ్యి చేశాడు. కాగు పాతుతుంటే చూసినవాళ్ళు లోపల ఎవరినైనా పూడుస్తున్నాడేమోనని ఆగి మరీ తొంగి చూశారు. పొయ్యి గోడకు పిండి అంటించి తీసిన రొట్టెను మొదట ఎవరూ లెక్కచెయ్యలేదు. పూరీలా పొంగలేదన్నారు, దోసెలా పులవలేదన్నారు. సెనగలు ఉడకబెట్టి రుబ్బి నూనె పోసి పెడితే, "తాలింపు మరిసినట్టుండావే" అన్నారు. చివరికి జ్ఞానాంబ విసిగిపోయి రొట్టె పక్కన చెనక్కాయలు నూరిన పచ్చడి, ఊరిబిండి వేసింది. ఆ పచ్చిమిరపకాయల ఘాటుకు రొట్టె నిలబడింది, కొట్టూ నిలబడింది. రైలు కోసం వచ్చినవాళ్ళు రైలు పోగొట్టుకుని కూడా తినేవాళ్ళు.

ఊరికి ఏకాంబరంతో అసలు చిక్కు బోరు దగ్గర వచ్చింది. ఊరి ఉమ్మడి బోరు నీళ్ళ వంతుల మీద మునిరామయ్య వర్గం, కుప్పుస్వామి వర్గం కొడవళ్ళ దాకా వచ్చాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి గడియారం పెట్టి వంతులు వేస్తే కుదరలేదు. రిటైరైన అయ్యవారు వరదయ్య చీటీలు వెయ్యమన్నాడు. వేస్తే, చీటీ ఎవరు మడిచారని కొత్త తగువు లేచింది. అప్పుడు ఏకాంబరం లేచి, "మా బైత్ రుమ్మాన్‌లో అయితేనా" అన్నాడు. ఆ రోజు గత్యంతరం లేక జనం విన్నారు.

"ఊట నీళ్ళు ముందు తొట్టిలోకి పట్టుకుంటారప్పా. తొట్టిలో ఒక కట్టె నిలబెడతారు. కట్టెకు గీతలు గీసుంటారు. మీ ఇంటోళ్ళకి ఈ గీత నుంచి ఆ గీత దాకా, మా ఇంటోళ్ళకి ఆ గీత నుంచి కిందికి. నీళ్ళు ఎప్పుడొచ్చినా పంచేది కట్టెనే గానీ మనిషి కాదు."

బోరు పక్కన తొట్టి కట్టి కట్టె నిలబెట్టారు. తగువు తీరిపోయింది. బండకిందపల్లె పాలస్తీనా చట్టం ప్రకారం నీళ్ళు పట్టుకోవడం మొదలుపెట్టింది.

వరదయ్యకు అది నచ్చలేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు భూగోళం చెప్పిన మనిషి. ఊరు తన మాట కాదని, పటంలో చుక్క కూడా లేని ఊరి మాట విన్నది. ఇంకో కారణం కూడా ఉంది. ఉచితంగా మేలు పొందితే మనుషులకు మేలు చేసినవాడి మీద కొంచెం కోపం వస్తుంది కదా, ఆ కోపం ఊరంతటికీ పట్టుకుంది. అందువల్ల వరదయ్య అల్లుడు గిరిప్రసాద్ తెచ్చిన కబురు విని ఊరు నోరు చప్పరించింది.

గిరిప్రసాద్ తిరుపతిలో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా. వాళ్ళ కాలేజీలో మందుల చదువుకు ఒక పాలస్తీనా అబ్బాయి చేరాడట. పేరు నిజార్. ఇంగ్లీషు బాగా మాట్లాడతాడట, మంచి పిల్లోడట.

"వచ్చే ఆదివారం పిలుచుకోని రా అల్లుడూ. నిజమేందో అబద్ధమేందో ఆ బిడ్డ తేలుస్తాడు" అన్నాడు వరదయ్య.

ఆదివారం పొద్దున ఏకాంబరం గడ్డం గీసుకుంటూ రెండుచోట్ల తెగ్గోసుకున్నాడు. కువైట్ నాటి చొక్కా వేసుకుంటే పొట్ట దగ్గర గుండీ పట్టలేదు.

"ఒప్పేసుకుంటానే. చూళ్ళేదు, వినింది చెప్పినానని ఒప్పేసుకుంటా" అన్నాడు భార్యతో.

జ్ఞానాంబ చీపురు కింద పడేసింది. "ఇన్నేండ్లు ఆ ఊరితో కలిసి కాపురం చేసినా నేను. ఆ ముఖ్తారు మాట, ఆ మేనత్తల మాట విని విని నాకు మా పుట్టింటోళ్ళ పేర్లే మర్సిపోతా ఉండాయి. ఇప్పుడొచ్చి చూళ్ళేదంటే నేను మొగం యాడ పెట్టుకునేది? ఏమీ ఒప్పుకోబాకు. ఆ పిలగాణ్ణి రానీ, ముందు తినేకి పెడదాం. నోట్లో ముద్ద ఉంటే ఎవురూ జాస్తి అడగరు."

కొట్టు ముందు జనం జాతరకు చేరినట్టు చేరారు. బస్సు దిగిన నిజార్ సన్నగా, పొడుగ్గా, కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాడు. ఇంతమంది తన కోసమే వచ్చారని తెలియక, ఏదో పెళ్ళి జరుగుతోందేమోనని పక్కకు జరిగి నిలబడ్డాడు. గిరిప్రసాద్ చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చి ఏకాంబరాన్ని చూపించాడు. ఆ గళ్ళ తువ్వాలు చూడగానే అబ్బాయి రెండు చేతులూ చాచి, "అమ్మో!" అన్నాడు.

జనం వెనక్కి తగ్గారు. "పాపం, బిడ్డ దడుసుకున్నాడు" అంది కుప్పుస్వామి తల్లి మునిరత్నమ్మ.

"దడుపు కాదవ్వా. అమ్మో అంటే వాళ్ళ భాషలో చిన్నాయన" అని ఏకాంబరం సర్దిచెప్పాడు. తర్వాత అబ్బాయి వైపు తిరిగి, దేవుడి మీద భారం వేసి, అరబీలో క్షేమం అడిగాడు. "చేఫ్ హాలక్?"

నిజార్ ఒక క్షణం బిత్తరపోయి చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. బెంచీ మీద కూలబడి, కళ్ళద్దాలు తీసి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు.

"అయిపోయె" అన్నాడు వరదయ్య సంతోషంగా. "బండారం బయటపడె."

గిరిప్రసాద్ ఇంగ్లీషులో అడిగి, జనానికి తెలుగులో చెప్పాడు. "మామా, ఆ పిల్లోడు చెప్పేదేందంటే, పట్నం మనుషులు కేఫ్ హాలక్ అంటారంట. క అనేచోట చ అనేది పల్లెటూరి కొండ మనుషులంట. వాళ్ళ అవ్వ అట్లనే మాట్లాడుతుందంట. ఇండియాలో, రైల్వే గేటు కాడ, మీసాలుండే మొగోడు వాళ్ళ అవ్వ మాదిరి మాట్లాడితే నవ్వు ఆగలేదంట."

జనం గుసగుసలాడుకున్నారు. ఇది గెలుపో ఓటమో ఎవరికీ తేలలేదు.

"మనం చూడు అనేదాన్ని సూడు అంటే తిరపతోళ్ళు నవ్వరా, అట్ట" అన్నాడు మునిరామయ్య. బోరు తగువు తీరినప్పటి నుంచి ఆయన ఏకాంబరం వైపే.

జ్ఞానాంబ రొట్టె, ఊరిబిండి తెచ్చి పెట్టింది. నిజార్ రొట్టె తుంచి, ఊరిబిండి నంజుకుని, మంటకు ముక్కు ఎర్రబడి, అయినా ఆపకుండా తిన్నాడు. తింటూ, ఈ రొట్టె ఎవరు నేర్పారని అడిగాడు. ఏకాంబరానికి ధైర్యం వచ్చింది. అబూ ఖాలిద్ పేరు చెప్పి, ఛాతీ ముందుకు పెట్టి, "బైత్ రుమ్మాన్" అన్నాడు.

నిజార్ నోట్లో రొట్టె ఆగిపోయింది. "బైత్ రుమ్మాన్?" అన్నాడు. మొహంలో నవ్వు పోయింది. పక్కింటివాళ్ళ మేక మన పెరట్లో దూరినప్పుడు మనిషి మొహం ఎట్లా ఉంటుందో అట్లా అయింది. ఏదో అన్నాడు.

ఏకాంబరం మొహం కందగడ్డ అయింది. "కఫర్ తీన్!" అని ఒక్క అరుపు అరిచాడు. ఆ తర్వాత మాటలన్నీ అరబీలోనే, గిరిప్రసాద్ చేతుల్లో ఏమీ మిగల్లేదు. ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఇద్దరూ చేతులూపారు. ఏకాంబరం ఏదో గుండ్రటిదాన్ని దొర్లించినట్టు చూపిస్తే, నిజార్ కాదు కాదని తల ఊపి, ఏదో మీద పడి నలిగినట్టు చూపించాడు. ఏకాంబరం తువ్వాలు తీసి బల్ల మీద కొట్టాడు. నిజార్ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"కొట్టుకుంటారేమో పట్టుకోండబ్బా" అంది మునిరత్నమ్మ.

చివరికి ఇద్దరినీ చెరో బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చి సంగతి రాబట్టారు. నిజార్ అవ్వ పుట్టిల్లు కఫర్ తీన్. అది బైత్ రుమ్మాన్‌కు దిగువన, పక్క ఊరు. బైత్ రుమ్మాన్ వాడు శుభోదయం అంటే బయటికి పోయి పొద్దు పొడిచిందో లేదో చూసుకోమని కఫర్ తీన్‌లో సామెత ఉందట. ఆ సామెతనే ఆ అబ్బాయి అన్నాడు. దానికి ఏకాంబరం గానుగరాయి సంగతి ఎత్తాడు. ఆలివ్ నూనె తీసే గానుగరాయి బైత్ రుమ్మాన్‌లో ఉండేది. కఫర్ తీన్ వాళ్ళకు రాయి లేక, వానలో వచ్చి దాన్ని దొంగతనంగా కిందికి దొర్లించారు. అది వాళ్ళ ఊరు కూడా దాటిపోయి లోయలో పడింది. ఎవరికీ కాకుండా పోయింది. ఇది అబూ ఖాలిద్ చెప్పిన సంగతి. నిజార్ చెప్పేది వేరే. దొంగతనం కాదు ఏమీ కాదు, బైత్ రుమ్మాన్ వాళ్ళే గానుగరాయికి ఆనించిన అడ్డు తీసి మర్చిపోతే అది జారి కఫర్ తీన్ పెళ్ళి పందిట్లో పడింది. కాబట్టి నష్టం కఫర్ తీన్‌దే.

"అంటే మన బెల్లం పెనం" అన్నాడు కుప్పుస్వామి మెల్లగా.

అందరూ తలలూపారు. వాళ్ళ తాతల కాలంలో పక్కనున్న గుండ్లమిట్ట వాళ్ళు బెల్లం వండే పెద్దపెనం ఎరవు తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. ఇచ్చేశామని వాళ్ళంటారు. ఇప్పటికీ ఆ రెండు ఊళ్ళ మధ్య పిల్లనిస్తే ముందు పెనం మాట వస్తుంది.

వరదయ్య లేచి గొంతు సవరించుకున్నాడు. ఎంత కోపమున్నా న్యాయం తప్పే మనిషి కాదు. "ఈ ఏకాంబరం ఆ ఊరు చూసినాడో లేదో నాకు తెలవదు. కానీ పక్కూరి మీద ఇంత కడుపుమంట, ఊరోడికి తప్ప ఇంకెవురికీ రాదు. ఆ ఊరోడే. ఇంక ఈ మాట ఎవురూ ఎత్తబాకండి" అని తీర్పు చెప్పి, తనకూ ఒక రొట్టె తెమ్మన్నాడు.

ఆ తర్వాత నిజార్ సెలవు దొరికినప్పుడల్లా పాకాల వచ్చేవాడు. హాస్టల్ సాంబారు కన్నా కొట్లాట రుచిగా ఉందని గిరిప్రసాద్‌తో అన్నాడట. వచ్చీరాగానే గానుగరాయి నుంచి మొదలుపెట్టేవారు ఇద్దరూ. జ్ఞానాంబ వడ్డిస్తూ వడ్డిస్తూ, "కఫర్ తీనోళ్ళకి రెండో రొట్టె లేదు" అని పళ్ళెం లాక్కునేది. అబ్బాయి తెలుగులో "పెనం ఇస్తాను, రొట్టె పెట్టు పెద్దమ్మా" అనడం నేర్చుకున్నాడు.

ఇట్లా కొన్ని నెలలు గడిచాక ఒకరోజు, గానుగరాయి ఎంత పెద్దదో తేల్చుకోబోయి, "ఆ రాయి పడిన చోటు నువ్వు చూసినావా?" అని ఏకాంబరం రెట్టించాడు. నిజార్ రొట్టె కింద పెట్టాడు.

"నేను కఫర్ తీన్ ఎప్పుడూ చూళ్ళేదు అమ్మో" అన్నాడు. "నేను పుట్టింది జోర్డాన్‌లో, అమ్మాన్ పట్నంలో. మా అవ్వ అరవై ఏడులో ఇవతలికి వచ్చింది. మమ్మల్ని ఆ ఊరికి పోనివ్వరు. అంతా ఆమె చెప్పిందే."

ఏకాంబరం పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు, లోయ ఇవతల కొండ సంగతి, మంచు సంగతి. ఇన్నాళ్ళూ జ్ఞానాంబకు తప్ప ఎవరికీ చెప్పనిది.

నిజార్ ఈసారి నవ్వలేదు. "అయితే ఆ రాయి కోసం మనమిద్దరం ఎందుకు కొట్టుకుంటా ఉండామో, చూసినోళ్ళనే అడుగుదాం" అని లేచి, ఆయన్ను రైల్వే గేటు పక్కనున్న ఫోన్ బూత్‌కు లాక్కుపోయాడు.

బూత్ లోపల ఇద్దరు. బయట అద్దానికి ముక్కులు ఆనించి జ్ఞానాంబ, వరదయ్య, మునిరత్నమ్మ, రైలు దిగి ఊరికే ఆగిన ఇంకో పదిమంది. నిజార్ అవ్వతో మాట్లాడి, ఫోన్ ఏకాంబరం చెవికి పెట్టాడు.

అవతల గొంతు ఏకాంబరం చెవికి అరబీలా వినబడలేదు. బండకిందపల్లె బోరు దగ్గర ఎవరో అవ్వ కేకేసినట్టే ఉంది.

"బైత్ రుమ్మానోడివా? ఎవురి కొడుకువి? ఏ ఇల్లు?"

"నేను హిందూస్తాన్ మనిషినవ్వా. అబూ ఖాలిద్ కాడ పనిచేసినా. ఊట ఎగువనుండే ఇల్లు వాళ్ళది."

ఆ పేరు వినగానే అవ్వ అరిచిన అరుపు బూత్ బయటికి వినబడింది. "ఓరి దేవుడా! నువ్వేనా ఆ మనిషివి? మా పిల్లోడు అట్ట చదువుకి పోయినాడో లేదో, ఆ అబూ ఖాలిద్ మా వీధిలోకే వచ్చి చచ్చినాడు! చచ్చేదంటే చావడం కాదు, బతికే ఉండాడు, మమ్మల్ని చంపతా ఉండాడు. ఏ మాట అడిగినా హిందూస్తాన్‌లో ఒక ఊరుందంట, పెద్దబండ కింద, ఆడ నల్లటి ముద్ద చేసి మింగుతారంట, నమిలితే తప్పంట, ఆ ఊళ్ళో అయితే ఇట్ట చేస్తారు అట్ట చేస్తారు అని. మొన్న మా గోడ కూలితే కూడా ఆ ఊరి మాటే చెప్పినాడు. ఆ ఊరు నిజంగా ఉండాదా?"

"ఉండాదవ్వా" అన్నాడు ఏకాంబరం. "ఆయప్ప ఎప్పుడూ చూళ్ళేదు గానీ, ఉండాది."

"చూడకుండానే అంత చెప్తాడా? బైత్ రుమ్మానోడు కదా, చెప్తాడు" అంది అవ్వ. కాసేపటికి గొంతు తగ్గించి అడిగింది. "సరే గానీ, తొట్టి కాడ దానిమ్మలు ఇంకా ఉండాయా? చిన్నప్పుడు మేం పక్కూరి పిల్లలం దొంగతనంగా కోసేటోళ్ళం. నువ్వు పోయినప్పుడు కాసినాయా?"

అద్దం బయట అందరూ ఆయన పెదవుల వైపే చూస్తున్నారు. కాసినాయవ్వా అనడం ఎంతసేపు? పదేళ్ళుగా అంటున్నదే. కానీ ఆ గొంతు ముందు అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"నేను పోలేదవ్వా. లోయ ఇవతల కొండ మీద నిలబడి చూసినా. మంచులో అదీ కనపళ్ళేదు."

"ఏ పూట పోయినావు?" అంది అవ్వ.

"పొద్దున్నే."

"పొద్దున ఎట్ట కనిపిస్తాది, వెర్రోడా! పొద్దు వాలేటప్పుడు పోవాల. ఎండ ఏటవాలుగా పడితే మూడో కొండ కాడ కట్టలు గీతలు గీతలుగా కనిపిస్తాయి. నేను ఏటేటా పోయి చూస్తా. అబూ ఖాలిద్‌కి ఎన్నిసార్లు చెప్పినా పొద్దున్నే పోతాడు. వాళ్ళ ఊరోళ్ళకి ఒకరి మాట వినే అలవాటు లేదు" అని, రాయి సంగతిలో మాత్రం తప్పు వాళ్ళదేనని గట్టిగా చెప్పి ఫోన్ పెట్టేసింది.

బూత్ నుంచి బయటికి వచ్చిన ఏకాంబరం అక్కడే, అందరి ముందూ, చూడలేదని ఒప్పేసుకున్నాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అందరి మనసూ వేరే దానిమీద ఉంది. ఎక్కడో అమ్మాన్ అనే పట్నంలో ఒక ముసలాయన రోజూ బండకిందపల్లె గురించి చెబుతున్నాడట. ఏం చెబుతున్నాడో? మన గురించి మంచే చెబుతున్నాడా? బెల్లం పెనం సంగతి చెప్పాడా? చెబితే మనవైపే చెప్పాడా? మునిరత్నమ్మ తన పేరు చెప్పావా లేదా అని ఏకాంబరాన్ని నిలదీసింది. చెప్పలేదంటే రెండు రోజులు మాట్లాడలేదు.

చదువు ముగించుకుని నిజార్ వెళ్ళిపోయిన రోజు ఊరంతా బస్టాండుకు వచ్చింది. అబూ ఖాలిద్‌కు ఇవ్వమని ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చారు. రాగిపిండి, బెల్లం అచ్చు, చింతపండు. వరదయ్య బండకిందపల్లె పటం ఒకటి స్వయంగా గీసి తెచ్చాడు, ఆ పెద్దాయన దిక్కులు తప్పు చెప్పకుండా. అందులో గుండ్లమిట్టను కావాలనే వదిలేశాడు.

ఏకాంబరం కొట్టు ఇంకా నడుస్తోంది. బైత్ రుమ్మాన్ మాట కూడా ఎత్తుతాడు. కాకపోతే ఆ ఫోన్ రోజు నుంచి ఒక అలవాటు పట్టుకుంది. ప్రతి మాటకూ ముందు, "నేను చూళ్ళేదు గానీ, వినింది చెప్తా ఉండా" అంటాడు. అది విన్నవాళ్ళకు కథలో ఉప్పు తగ్గినట్టు ఉంటుంది.

మొన్న వరదయ్య ఇక ఉండబట్టలేక చేతిలో రొట్టె కింద పెట్టేశాడు. "ఏకాంబరం, ఆ ముందుమాట తీసెయ్ రా. నువ్వు చూసినట్టే చెప్పు. ముప్ఫై ఏండ్లు భూగోళం చెప్పినా నేను, చిత్తూరు దాటి యాడికి పోయినా?"

"అట్ట కాదయ్యవారూ, అవ్వకి మాట ఇచ్చినట్టు అయిపాయ" అన్నాడు ఏకాంబరం.

"అవ్వ కఫర్ తీన్ మనిషి రా!" అన్నాడు వరదయ్య. "ఆ ఊరోళ్ళ మాట మనం వినేదేంది?"

ఏకాంబరం తువ్వాలు సర్దుకుని, "మా బైత్ రుమ్మాన్‌లో అయితేనా..." అని ఎత్తుకున్నాడు.